మాక్ డ్రిల్ అంటే ఫోటోలేనా? స్టాఫ్‌కు సిమ్యులేషన్ ట్రైనింగ్ ఎవరైనా చేయించారా?

పటమట_టీచరమ్మ
మా స్కూల్లో మొన్న ఫైర్ మాక్ డ్రిల్ జరిగింది. పదకొండు గంటలకు లాంగ్ బెల్ కొడతామని, ముందు కింది ఫ్లోర్, తర్వాత పై ఫ్లోర్ దిగాలని ముందు రోజే సర్క్యులర్ వచ్చింది. పిల్లలు చేతులు కట్టుకుని లైనుగా గ్రౌండ్‌లోకి వచ్చారు. బ్యానర్ ముందు ఫోటోలు తీసి పేరెంట్స్ గ్రూపులో పెట్టారు. అందరూ దండాలు పెట్టారు. మళ్లీ క్లాసులకు వెళ్లిపోయాం.

ఆ అరగంటలో మా స్టాఫ్‌లో ఒక్కరికి కూడా సొంతంగా నిర్ణయం తీసుకునే అవసరం రాలేదు. మెట్ల దగ్గరే పొగ ఉంటే ఎటు తీసుకెళ్లాలి? ప్రిన్సిపాల్ సార్ మీటింగ్‌లో ఉంటే బెల్ కొట్టమని ఎవరు చెప్పాలి? నాది యూకేజీ. నలభై మంది చిన్నపిల్లలు, ఒక ఆయమ్మ. ఒకడు బాత్రూమ్‌లో ఉంటే నేను వాడి కోసం వెళ్లాలా, మిగతా వాళ్లతో దిగాలా? నాకు నిజంగా భయంగా ఉంది.

పెద్ద కంపెనీల్లో, విమానాల్లో సిమ్యులేషన్ అని, నిజంగా ప్రమాదం జరిగినట్టే అనుకుని ట్రైనింగ్ చేయిస్తారు కదా. స్కూల్ స్టాఫ్‌కు అలాంటిది మన బెజవాడ, గుంటూరు వైపు ఎవరైనా చేయించారా? ఖర్చెంత? మేనేజ్‌మెంట్‌ను ఎలా ఒప్పించారు?

ఏలూరురోడ్డు_నాన్న
మా అమ్మాయి స్కూల్లోనూ అచ్చం ఇంతే. బ్యానర్ మాత్రం ఇంకా పెద్దది.

జడ్పీ_లెక్కలు
మేడమ్, మీ బాధ అర్థమైంది కానీ టీచర్ మీద ఇంకో బరువు పెట్టకండి. మాది గుంటూరు జిల్లాలో జడ్పీ హైస్కూల్. హాజరు ఆన్‌లైన్‌లో, భోజనం ఫోటో ఆన్‌లైన్‌లో, మరుగుదొడ్ల ఫోటో ఆన్‌లైన్‌లో. ఇప్పుడు సిమ్యులేషన్ అంటే దానికీ ఒక యాప్ వస్తుంది, దానికీ ఒక పాస్‌వర్డ్ వస్తుంది. మంటలు ఆర్పడానికి ఫైర్ డిపార్ట్‌మెంట్ ఉంది. మా పని పాఠం చెప్పడం.

పటమట_టీచరమ్మ
ఫైరింజన్ వచ్చేదాకా పిల్లలు ఎవరి చేతుల్లో ఉంటారు మాస్టారూ?

సింగ్‌నగర్_వాసి
2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగుకు గండి పడి మా వీధిలోకి నీళ్లు వచ్చాయి. ఆ రోజు ఆదివారం. ఈ ఒక్క విషయం గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అదే ఏ బుధవారం మధ్యాహ్నమో అయితే? మా చుట్టుపక్కల ఎన్ని స్కూళ్లు ఉన్నాయి, ఎన్ని బస్సులు తిరుగుతాయి! కింది ఫ్లోర్‌లో నర్సరీ పిల్లలు. తల్లిదండ్రులు పనికి పోయి ఉంటారు, ఫోన్లు కలవవు, కరెంటు ఉండదు. ఇళ్లకు పంపించాలా, పై ఫ్లోర్‌లో ఉంచాలా అన్నది అక్కడున్న టీచర్ తేల్చాలి. అప్పటికప్పుడు తేల్చమంటే ఎవరికైనా కష్టమే. అందుకే ముందే ఒకసారి అనుకుని ఉండాలి.

కృష్ణలంక_తమ్ముడు
సింగ్‌నగర్ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా వైపు వరద అంటే కృష్ణమ్మే గుర్తొస్తుంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులని చూస్తాం. మర్నాటికి బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అందరి కళ్లూ అటే. సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం బుడమేరు.

బ్రాడీపేట_సోషల్
మేము చేశాం. గుంటూరులో మాది మధ్యరకం ప్రైవేటు స్కూలు. పైసా ఖర్చు లేకుండా చేశాం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

దీన్ని టేబుల్ టాప్ అంటారు. పిల్లలు ఉండరు. పరుగులు, సైరన్లు ఉండవు. ఒక శనివారం సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక స్టాఫ్ రూమ్ నేల మీద సుద్దముక్కతో స్కూల్ ప్లాన్ గీశాం. గదులు, మెట్లు, గేట్లు, వంట షెడ్డు, ట్రాన్స్‌ఫార్మర్, బస్సులు ఆగే చోటు అన్నీ. క్లాసుకో సీసా మూత. నడిపించే ఆయన చేతిలో చీటీలు ఉంటాయి, మాకు చూపించరు. మధ్యలో ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడుస్తుంటుంది.

మొదటి చీటీ: "బుధవారం, మధ్యాహ్నం పన్నెండున్నర. కంప్యూటర్ ల్యాబ్ నుంచి పొగ వాసన. ప్రిన్సిపాల్ డీఈవో ఆఫీసుకు వెళ్లారు." అంతే. ఇప్పుడు ఎవరేం చేస్తారో నోటితో చెప్పి, సీసా మూతలు జరపాలి.

నాలుగైదు నిమిషాలు గడిచినా "అందర్నీ బయటకు తీసుకెళ్లండి" అనే మాట ఎవరి నోటి నుంచీ రాలేదు. ఒకరు ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేస్తామన్నారు. ఒకరు ల్యాబ్ అసిస్టెంట్‌ను పంపి చూసి రమ్మంటామన్నారు. వైస్ ప్రిన్సిపాల్ మేడమ్ కరస్పాండెంట్ గారిని అడగాలన్నారు. ఈలోపు రెండో చీటీ: "కరెంటు పోయింది. మైకు పనిచేయదు, కరెంటు బెల్ మోగదు." పాత ఇత్తడి గంట ఎక్కడుందో మాకెవరికీ తెలియదు. అటెండర్‌ను పిలిచి అడిగితే స్పోర్ట్స్ రూమ్‌లో బీరువా వెనక ఉందన్నాడు. దాన్ని కొట్టే సుత్తి లేదు.

మూడో చీటీ దగ్గర గదంతా నిశ్శబ్దం అయిపోయింది. "వెనక గేటుకు తాళం వేసి ఉంది." తాళంచెవి ఎవరి దగ్గర? వాచ్‌మన్ దగ్గర. వాచ్‌మన్ ఎక్కడ? ఆ టైముకు భోజనానికి ఇంటికి వెళ్తాడట, గుత్తి జేబులోనే ఉంటుందట. ఆ సంగతి చెప్పింది ఎవరనుకుంటున్నారు? గ్లాసుల్లో టీ పోస్తున్న ఆయమ్మ. ఆమెను మేం ఆటలోకి పిలవనేలేదు. ఆ మాట విన్నాక టీ పక్కన పెట్టించి, ఆయమ్మల్నీ డ్రైవర్లనూ అందర్నీ కూర్చోబెట్టి మొదటి నుంచి మళ్లీ ఆడాం.

సోమవారానికల్లా మూడు పనులు జరిగాయి. వెనక గేటుకు రెండో తాళంచెవి చేయించి, ఆఫీసు గోడకు అద్దం పెట్టెలో వేలాడదీశారు. గంట, సుత్తి వరండాలోకి వచ్చాయి. ప్రిన్సిపాల్ లేనప్పుడు వైస్ ప్రిన్సిపాల్, ఆమె కూడా లేకపోతే పీఈటీ సార్. పొగ, మంట కంట పడితే మాత్రం ఎవరినీ అడగకుండా ఏ టీచరైనా, ఏ ఆయమ్మైనా గంట కొట్టొచ్చు అని కాగితం మీద రాసి కరస్పాండెంట్ గారు సంతకం పెట్టారు. ఆ చివరి వాక్యం కోసం మేం చాలా వాదించాల్సి వచ్చింది. "ఊరికే కొడితే?" అన్నారు. ఊరికే కొడితే ఒక పీరియడ్ పోతుంది, అంతే కదండీ.

ఏలూరురోడ్డు_నాన్న
ఆ ఆయమ్మకు దండం పెట్టాలి.

ఆటోనగర్_బావ
గుత్తి జేబులో, జేబు ఇంట్లో 😀 మా షెడ్డులో కూడా ఇదే కథ. రేపే చూసుకుంటా.

జడ్పీ_లెక్కలు
ఇది వినడానికి బాగానే ఉంది. యాప్ లేదు, ఫోటో లేదు. కానీ కూర్చుని సీసా మూతలు జరిపితే నిజం పొగలో కాళ్లు కదులుతాయా? ఒడ్డున కూర్చుని ఈత నేర్పినట్టు ఉంటుంది.

ఫైర్_రిటైర్డ్
మాస్టారు అడిగింది సరైన ప్రశ్న. నేను అగ్నిమాపక శాఖలో చేసి దిగాను. టేబుల్ మీద నిర్ణయం నేర్చుకోవాలి, చేతులతో పని నేర్చుకోవాలి. రెండూ వేరు. మొదటిది లేకుండా రెండోది చేయిస్తే మొన్న పటమటలో జరిగినట్టు ఊరేగింపు అవుతుంది.

చేతి పని సంగతికి వస్తే, చాలా స్కూళ్లలో గోడకు ఎర్ర సిలిండర్ ఉంటుంది. దాని పిన్ను జీవితంలో ఒక్కసారి లాగిన టీచర్ ఎంతమంది? సీల్ తీసి పిన్ను లాగాలి, గొట్టం మంట మొదలు మీదకు గురిపెట్టాలి, పైకి ఎగిసే జ్వాల మీదకు కాదు, పిడి నొక్కి అటూ ఇటూ ఊపాలి. రెండు మీటర్ల దూరం నుంచి. వీపు వెనక బయటకు దారి ఉండాలి. స్కూళ్లలో ఉండే పౌడర్ సిలిండర్ అరనిమిషం కూడా రాదు. కొత్తవాళ్లకు అందులో సగం సీల్‌తో కుస్తీ పట్టడానికే పోతుంది. అందుకే ఒక్కసారైనా చేత్తో కొట్టి చూడాలి. రీఫిల్‌కు పంపే సిలిండర్లు ఉంటాయి కదా, పంపే ముందు వాటిని గ్రౌండ్‌లో ఇనప తట్టలో మంట పెట్టి స్టాఫ్ చేత వాడించండి. అదనంగా ఖర్చేమీ కాదు.

ఇంకొకటి. చెత్తబుట్ట పాటి మంట అయితేనే సిలిండర్. గది పట్టుకుంటే సిలిండర్ వదిలేసి, తలుపు మూసి, పిల్లల్ని తీసుకుని రండి. 101కి ఫోన్ చేయండి.

లబ్బీపేట_కోడర్
అమెరికాలో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ, సైన్యం కలిసి ఎడ్జ్ అని ఒక వర్చువల్ ట్రైనింగ్ తయారు చేయించాయి. వీడియో గేములకు వాడే అన్‌రియల్ ఇంజిన్ మీదే నడుస్తుంది. కంప్యూటర్‌లో ఒక స్కూల్ ఉంటుంది. టీచర్లు టీచర్లుగా, ప్రిన్సిపాల్ ప్రిన్సిపాల్‌గా, పోలీసులు పోలీసులుగా ఎవరి కంప్యూటర్ దగ్గర వాళ్లు కూర్చుని ఒకే ఘటనలో పాల్గొంటారు. తలుపు లాక్ చేయాలా, పారిపోవాలా, పిల్లల్ని ఎక్కడ దాచాలి అన్నది అప్పటికప్పుడు తేల్చాలి. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి ఆడి చూసుకోవచ్చు. అక్కడి స్కూళ్లకు ఉచితంగా ఇచ్చారు. మనకూ ఇలాంటిది తెలుగులో చేయలేమా అని చాలా రోజులుగా నా మనసులో ఉంది.

సత్యనారాయణపురం_పేరెంట్
వాళ్ల సమస్య తుపాకులు. మన సమస్య అది కాదు. మనకు వంట షెడ్డులో గ్యాస్, స్కూల్ బస్సు, వరద, కరెంటు వైర్లు, ఎండదెబ్బ. బొమ్మల ఆటకు డబ్బు పెట్టే బదులు వైరింగ్ మార్పించండి.

లబ్బీపేట_కోడర్
వైరింగ్ మార్చాల్సిందే, కాదనను. నేను చెప్పేది పద్ధతి గురించి. తప్పు చేసినా ఎవరికీ దెబ్బ తగలని చోట పదిసార్లు చేసి చూడటం. బ్రాడీపేట సార్ సుద్దముక్కతో చేసిందీ అదే పద్ధతి. కంప్యూటర్ అక్కర్లేదని ఆయనే చూపించారు.

సత్యనారాయణపురం_పేరెంట్
సుద్దముక్క అయితే ఒప్పుకుంటాను. కానీ "సర్‌ప్రైజ్" పేరుతో పిల్లల్ని భయపెట్టే డ్రిల్స్ మాత్రం వద్దు. మా వాడికి ఆస్తమా. ఒక స్కూల్లో నిజం అనుకునేలా పొగ పెట్టి, గంట కొట్టి, ఏడుస్తున్న పిల్లల్ని వీడియో తీశారు. ఆ వీడియో చూసి రెండు రోజులు నిద్ర పట్టలేదు నాకు.

అమరావతిరోడ్డు_నర్సు
ఆ తల్లి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అమెరికాలోనే 2019లో ఇండియానాలో ఒక స్కూల్ డ్రిల్‌లో టీచర్లను మోకాళ్ల మీద కూర్చోబెట్టి ప్లాస్టిక్ పెల్లెట్లతో కాల్చారు. వాళ్లకు ఒంటి మీద గాయాలయ్యాయి. తర్వాతి ఏడాది అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, పిల్లల్ని బెదరగొట్టే నిజంలాంటి డ్రిల్స్ వద్దని గట్టిగా చెప్పింది. నేర్చుకోవాల్సింది పెద్దవాళ్లు. పిల్లలకు బెల్ మోగితే ఎలా నడవాలో, ఎక్కడ నిలబడాలో నెమ్మదిగా నేర్పితే చాలు.

పెద్ద ప్రమాదాల గురించే మాట్లాడుతున్నారు. స్కూల్లో ఎప్పుడైనా జరిగేది చిన్నది, ఒక్క పిల్లకు జరిగేది. ఫిట్స్ వస్తాయి. వెంటనే ఎవరో ఒకరు తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెడతారు, ఇంకొకరు నోట్లో స్పూన్ పెట్టబోతారు. రెండూ వద్దు. చుట్టూ ఉన్న బెంచీలు జరపండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, ఒక పక్కకు తిప్పండి, వాచీ చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108. ఇది పాఠంగా చెబితే అందరూ తలూపుతారు. ఒక టీచర్ నేల మీద పడుకుని నటిస్తే మాత్రం, తలూపినవాళ్లే తాళాల కోసం వెతుకుతారు. నేను కళ్లారా చూశాను. రెండోసారి చేయించినప్పుడు అదే టీచర్ నేరుగా వెళ్లి బెంచీ జరిపింది.

గొంతులో ఇడ్లీ ముక్క అడ్డం పడటం, గుండె ఆగితే ఛాతీ నొక్కడం కూడా ఇంతే. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకు కనీసం అయిదు సెంటీమీటర్ల లోతుగా నొక్కాలి. బొమ్మ మీద చేసి చూస్తే తప్ప ఎంత బలం పెట్టాలో చేతులకు తెలియదు.

పటమట_టీచరమ్మ
నర్సు మేడమ్, తాళాల సంగతి నాకు ఇవాళే తెలిసింది. మా స్టాఫ్ గ్రూపులో పెట్టేశాను.

చరిత్ర_పుస్తకాలు
నిజంగా వస్తే కాళ్లు కదులుతాయా అన్న లెక్కల మాస్టారి ప్రశ్నకు నా వంతు జవాబు. జపాన్‌లో 2011 మార్చి 11 సునామీ. కమైషి అనే ఊళ్లో ముందు నుంచీ పిల్లలకు, టీచర్లకు కలిపి బాగా అభ్యాసం ఉంది. హైస్కూల్ పిల్లలు పక్కనున్న ప్రైమరీ పిల్లల చేతులు పట్టుకుని కొండ మీదకు పరుగెత్తారు. మొదట ఆగిన చోటు చాలదనిపించి ఇంకా పైకి వెళ్లారు. ఆ ఊళ్లో దాదాపు మూడు వేల మంది బడి పిల్లలు బతికారు.

అదే రోజు ఇషినోమాకిలో ఒకావా ప్రైమరీ స్కూల్. వెనకే కొండ ఉంది. భూకంపం తర్వాత సుమారు యాభై నిమిషాలు పిల్లల్ని గ్రౌండ్‌లోనే ఉంచారు. ఎటు వెళ్లాలో పెద్దవాళ్ల మధ్య తేలలేదు. 74 మంది పిల్లలు, పది మంది టీచర్లు పోయారు. ఆ టీచర్లు పిల్లల్ని వదిలి పారిపోయినవాళ్లు కాదు. ఎక్కడికి వెళ్లాలో ముందే తేల్చి పెట్టలేదు, అంతే. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్తే, ముందస్తు ప్రణాళిక సరిగా లేకపోవడం స్కూలు, అధికారుల తప్పేనని తీర్పు వచ్చింది. 2019లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

సింగ్‌నగర్_వాసి
యాభై నిమిషాలు... చదువుతుంటే కడుపులో తిప్పుతోంది.

జడ్పీ_లెక్కలు
ఒకావా గురించి నాకు తెలియదు. మా బడి వెనక కూడా చెరువు కట్ట ఉంది. సరే, మనసులో ఇంకో ప్రశ్న. ప్రభుత్వ బడుల్లో దీన్ని ఏ హక్కుతో అడగాలి? హెచ్‌ఎం గారు "జీవో ఉందా?" అంటారు.

చరిత్ర_పుస్తకాలు
జీవో కంటే పెద్దదే ఉంది మాస్టారూ. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో వంటశాల దగ్గర మొదలైన మంట స్కూల్ పూరి కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. దాని మీద వేసిన పిటిషన్‌లోనే 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అగ్నిమాపక పరికరాలు పెట్టడమే కాదు, టీచర్లకు, మిగతా సిబ్బందికి వాటిని వాడటంలోనూ పిల్లల్ని బయటకు తీసుకురావడంలోనూ శిక్షణ ఇవ్వాలని ఉంది. ప్రభుత్వ, ప్రైవేటు బడులన్నిటికీ వర్తిస్తుంది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ స్కూల్ భద్రత మీద మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. రెండూ ప్రింట్ తీసి హెచ్‌ఎం గారి టేబుల్ మీద పెట్టండి.

గన్నవరం_రోడ్
ఇంకో మాట. విపత్తుల్లో జనాన్ని కాపాడే కేంద్ర దళం ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ మన గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఉంది. విపత్తు నిర్వహణ జాతీయ సంస్థ దక్షిణ క్యాంపస్ కూడా అక్కడే, 2025 జనవరిలో ప్రారంభించారు. పక్కనే పెట్టుకుని ఎక్కడో వెతుకుతున్నాం. స్కూల్ లెటర్‌హెడ్ మీద అడిగి చూడండి.

పీఈటీ_సారు
అందరూ పిల్లల్ని బయటకు తేవడం దగ్గరే ఆగిపోతున్నారు. నా అనుభవంలో అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. గేటు దగ్గర తల్లిదండ్రులు. ఒకసారి మా పక్క స్కూల్‌కు బాంబు ఉందని ఫోన్ వచ్చింది, ఉత్తిదే. పది నిమిషాల్లో రోడ్డంతా బైకులు. ఎవరి పిల్లను ఎవరు తీసుకెళ్లారో రాసుకునేవాళ్లు లేరు. ఒక పాపను బాబాయి తీసుకెళ్తే, తల్లి సాయంత్రం దాకా గేటు దగ్గర ఏడుస్తూ నిలబడింది. ఆ గుంపులో ఫైరింజన్ వస్తే లోపలికి ఎలా వెళ్తుంది?

మీ చీటీల్లో ఇది తప్పకుండా పెట్టండి: "గేటు దగ్గర వంద మంది పేరెంట్స్. ఒకాయన గోడ దూకాడు." పేరెంట్ పాత్ర స్టాఫ్‌లో గొంతు పెద్దగా ఉన్నవాళ్లకు ఇవ్వండి. మా హిందీ పండిట్ గారు చేస్తే అందరం నిజంగానే వెనక్కి తగ్గాం 😀 ఏ గేటులోంచి పేరెంట్స్, ఏ గేటులోంచి బండ్లు, హాజరు పట్టీ ఎవరి చేతిలో, అప్పగించేటప్పుడు సంతకం ఎవరు తీసుకుంటారు అనేది అక్కడే తేలింది.

ఏలూరురోడ్డు_నాన్న
పేరెంట్‌గా చెబుతున్నా, నేనూ ఆ గుంపులో ఉంటాను. పిల్ల లోపల ఉందంటే ఎవరు ఆగుతారు? కానీ "మీ పిల్ల ఫలానా చోట ఉంది, ఇక్కడ నిలబడండి" అని ఒక్క మెసేజ్ స్కూల్ నుంచి వస్తే ఆగుతాను. ఆ మెసేజ్ ముందే రాసి పెట్టుకోండి.

పీఈటీ_సారు
ఇది మాకు తట్టలేదు. బాగుంది సార్, రేపే చేరుస్తాను.

జడ్పీ_లెక్కలు
సుద్దముక్క మా బడిలో కూడా ఉంది. హెచ్‌ఎం గారితో మాట్లాడతాను. మధ్యాహ్న భోజనం వండే అక్కల్ని కూడా కూర్చోబెడతాను. గ్యాస్ సిలిండర్ వాళ్ల చేతిలోనే ఉంటుంది, వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పరు. బ్రాడీపేట సార్, మీ చీటీలు పంపగలరా?

ఫైర్_రిటైర్డ్
గ్యాస్ చీటీ నేను రాసిస్తాను. వాసన వచ్చిందంటే స్విచ్ వేయకూడదు, ఆపకూడదు కూడా. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటకు వచ్చాకే ఫోన్. గ్యాస్ లీకుకు 1906. వంట చేసేవాళ్ల చేత రెగ్యులేటర్ తీయించి పెట్టించండి, కళ్లు మూసుకుని కూడా చేయగలగాలి.

బ్రాడీపేట_సోషల్
చీటీలు టైప్ చేసి ఇక్కడే పెడతాను. ఎవరి స్కూల్‌కు తగ్గట్టు వాళ్లు మార్చుకోండి. సింగ్‌నగర్ వైపు వాళ్లు వరద చీటీతోనే మొదలుపెట్టండి. ఒక్క షరతు: ఆడేటప్పుడు ఎవర్నీ "నీకిది కూడా తెలియదా" అనకూడదు. అన్నారంటే రెండోసారి ఎవరూ నోరు విప్పరు. మా దగ్గర కరస్పాండెంట్ గారిని మొదటి రోజు కావాలనే పిలవలేదు.

పటమట_టీచరమ్మ
ఇవాళ వైస్ ప్రిన్సిపాల్ మేడమ్‌కు ఈ పోస్టులన్నీ చూపించాను. వచ్చే శనివారం ఒంటిపూట, పిల్లలు వెళ్లాక గంటన్నర ఇస్తామన్నారు. ఆయమ్మలకు, డ్రైవర్లకు ఆ గంటన్నరకు జీతం కోయకూడదని అడిగాను, ఒప్పుకున్నారు. నా యూకేజీ ప్రశ్ననే మొదటి చీటీగా రాశాను: "ఒక బాబు బాత్రూమ్‌లో ఉన్నాడు."

పీఈటీ_సారు
దానికి మా దగ్గర తేలిన జవాబు చెబుతాను మేడమ్. క్లాస్ టీచర్ క్లాసుతోనే దిగాలి. దిగుతూ ఎదురుపడిన ప్రతివాళ్లకూ "యూకేజీ బాబు, బాత్రూమ్" అని అరవాలి. ప్రతి ఫ్లోర్‌కూ క్లాస్ లేని ఒక మనిషి ఉంటారు, బాత్రూమ్‌లు చూసి రావడం వాళ్ల పని. మీ ఫ్లోర్‌లో ఆ టైముకు ఎవరు ఖాళీగా ఉంటారో ముందు టైమ్ టేబుల్ తీసి చూడండి.

పటమట_టీచరమ్మ
ఇప్పుడే చూశాను. మూడో పీరియడ్‌లో మా ఫ్లోర్‌లో ఎవరూ ఖాళీ లేరు. ఇది కూడా చీటీలో రాస్తున్నాను.

ఫైర్_రిటైర్డ్
శనివారం నేను వస్తాను. రీఫిల్ గడువు దగ్గరపడిన సిలిండర్లుంటే పక్కన పెట్టించండి. నీళ్ల బకెట్లు నాలుగు, ఇనప తట్ట ఒకటి. ఎవరూ సింథటిక్ చీరలతో, చున్నీలతో రావద్దు.